మోటారు షెడ్డులో ఫోన్, అడగకుండా దిగిన అప్‌డేట్: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పశ్చిమ గోదావరిలో ఒక వెనామీ రొయ్యల చెరువు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో ఏరియేటర్ల (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాల) స్టార్టర్ బోర్డు, దాని పక్కన ప్లాస్టిక్ డబ్బాలో ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్. దాని పని ఒక్కటే. ఛార్జర్‌కి కరెంటు ఆగితే ముగ్గురికి ఎస్సెమ్మెస్ పంపి, వరసగా ఫోన్ కలపాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువగా ఉంటుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే చెరువు మొత్తం పోతుంది. కాబట్టి ఈ ఫోన్‌ని పాత ఫోను కింద కాకుండా అలారం కింద లెక్కేయాలి.

ఫోన్ అమెరికాలో ఒక క్యారియర్ (నెట్‌వర్క్ కంపెనీ) తన పేరుతో అమ్మిన ఎడిషన్. అక్కడున్న బంధువులు వాడి, ఇంటికి పంపారు. సిమ్ లాక్ తీసి ఉంది, ఇక్కడి సిమ్ పనిచేస్తోంది. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ చేశారు, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకున్నారు. క్యారియర్ పేరు, ఫోన్ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. వర్చువల్ ఏ/బీ (ఫోన్ నడుస్తుండగానే అప్‌డేట్‌ని రెండో స్లాట్‌లో, అంటే రెండో అరలో, సిద్ధం చేసుకునే పద్ధతి) ఉన్న ఏ ఫోన్‌కైనా ఈ కథ ఇంచుమించు ఇలాగే నడుస్తుంది.

రూట్ ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి, ఎందుకంటే అక్కర్లేని ఫోన్‌కి ఈ తతంగమంతా దండగ. 24 గంటలూ ఛార్జర్‌లో ఉండే ఫోన్, పైగా రేకుల కింద వేడిలో, 100 శాతం దగ్గరే నిలబడి ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది. అందుకని మ్యాజిస్క్‌కి తగిలించే ఏసీసీ అనే చిన్న ప్రోగ్రామ్ (మాడ్యూల్)తో ఛార్జింగ్ 70 శాతం దగ్గర ఆగి, 60కి దిగాక మళ్లీ మొదలయ్యేలా పెట్టారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఛార్జింగ్ ఆపే స్విచ్‌లు రెండు రకాలు. ఒకటి బ్యాటరీలోకి పోయే కరెంటును మాత్రమే ఆపుతుంది. రెండోది వైరు నుంచి వచ్చే కరెంటునే మూసేస్తుంది, అప్పుడు ఛార్జర్ పీకేశారని ఫోన్ అనుకుంటుంది. రెండో రకం పెడితే 70 దాటిన ప్రతిసారీ దొంగ అలారమే. ఇందులో మొదటి రకం పెట్టి ఉంది. ఆటోమేషన్ యాప్‌లో కూడా 'ఛార్జింగ్ ఆగింది' అనే ట్రిగ్గర్ కాకుండా 'పవర్ తీసేశారు' అనేది ఎంచుకున్నారు. ఎవరు చేశారో గానీ ఆ భాగం తెలిసి చేసిన పనే.

వచ్చిన సమస్య

ఒక రాత్రి కరెంటు పోయింది, ఫోన్ పలకలేదు. కాపలా మనిషి మెలకువగా ఉండబట్టి జనరేటర్ వేశాడు, నష్టం జరగలేదు. పొద్దున డబ్బా తెరిస్తే ఫోన్ వెచ్చగా ఉంది, ఛార్జింగ్ 100 శాతం, వెనక మూత ఒక మూల గోరు దూరేంత లేచింది. తెర మీద పిన్ అడుగుతోంది.

ఫోన్ మా రిపేరు బెంచ్ మీదికి రాగానే మూడు చూశాం. బిల్డ్ నంబర్ పాత స్క్రీన్‌షాట్‌లో ఉన్నది కాదు. మ్యాజిస్క్ యాప్ ఉంది గానీ, 'ఇన్‌స్టాల్డ్' ఎదురుగా 'ఎన్/ఏ' అని చూపిస్తోంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ కింద అప్‌టైమ్ 23 రోజులు. ఈ మూడూ కలిపితే సంగతి తేలిపోయింది. 23 రోజుల క్రితం క్యారియర్ అప్‌డేట్ దిగి ఫోన్ రీస్టార్ట్ అయింది. కొత్త బూట్ ఇమేజ్‌లో (సిస్టమ్‌ని మొదలుపెట్టే ఫైల్‌లో) మ్యాజిస్క్ లేదు, కాబట్టి రూట్ పోయింది, రూట్‌తోపాటు ఛార్జింగ్ హద్దూ పోయింది. మూత లేవడం మొత్తం ఈ 23 రోజుల పాపమే అనలేం, బ్యాటరీ అప్పటికే పాతది.

మరి అలారం ఎందుకు మోగలేదు? దానికి రూట్‌తో పనిలేదు కదా. కారణం పిన్. ఫోన్ రీస్టార్ట్ అయ్యాక ఒకసారి పిన్ కొట్టేదాకా యాప్‌ల డేటా ఎన్‌క్రిప్షన్ తాళం కిందే ఉంటుంది, మామూలు యాప్‌లు లేవవు. అంటే ఆ 23 రోజులూ అలారం యాప్ అసలు మొదలే కాలేదు.

రీస్టార్ట్ ఎలా జరిగిందో కాపలా మనిషే చెప్పాడు. "అదేదో రీస్టార్ట్ అని అడుగుతా ఉందండి, పోనీలే అని నొక్కానండి." ఆయన్ని అనడానికి లేదు. ఏ/బీ ఫోన్లలో అప్‌డేట్ వెనకే దిగి, రెండో స్లాట్‌లో రాసుకుని కూర్చుంటుంది. చివరికి అడిగేది ఒక్క బటన్. అది ఎవరు నొక్కినా, నొక్కకుండా మరే కారణంతో ఫోన్ రీస్టార్ట్ అయినా లేచేది కొత్త స్లాటే.

ముందే జరిగిన ప్రయత్నాలు

ఇంతకుముందూ ఒకసారి ఇలాగే అప్‌డేట్ దిగి రూట్ పోతే యజమాని రెండు చోట్ల చూపించారు. మొదటి చోట ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేశారు. అది యాప్‌లకు సంబంధించింది, సిస్టమ్ అప్‌డేట్‌కి ఏ సంబంధమూ లేదు. ఇలాంటి ఫోన్‌లో 'అప్‌డేట్' అనే మాట కింద కనీసం నాలుగు దారులు ఉంటాయి: ప్లే స్టోర్ యాప్‌లు, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్, క్యారియర్ తన యాప్‌లు దింపే 'మొబైల్ సర్వీసెస్ మేనేజర్' లాంటి ప్రోగ్రామ్, అసలు ఓటీఏ (నెట్ ద్వారా నేరుగా దిగే సిస్టమ్ అప్‌డేట్). రూట్‌ని పోగొట్టేది చివరిది. ఏ దారిలో వస్తోందో తేల్చకుండా ఏది మూసినా ఉపయోగం లేదు.

రెండో చోట డెవలపర్ ఆప్షన్స్‌లో 'ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్' ఆపారు. ఇది దగ్గరగా వచ్చిన పనే గానీ చాలదు. రీస్టార్ట్ అయినప్పుడు దానంతటది అమలు చేయొద్దు అనే వరకే ఆ స్విచ్. వెతకడం, దించడం, అడగడం ఆగవు. పైగా అది గూగుల్ అప్‌డేటర్‌కి చెప్పే మాట. తయారీదారు సొంత అప్‌డేట్ క్లయింట్ (అప్‌డేట్ అడిగే ప్రోగ్రామ్) ఉన్న ఫోన్‌లో అది దీన్ని పట్టించుకుంటుందన్న భరోసా లేదు.

అదే చోట ఇంకో పొరపాటు కూడా జరిగింది. రూట్ పోయిందని గమనించి, వాళ్ల దగ్గర దాచి ఉంచిన పాత ప్యాచ్డ్ (మ్యాజిస్క్ కలిపిన) బూట్ ఇమేజ్ ఎక్కించారు. ఫోన్ లేచింది, రూట్ వచ్చింది, కానీ వైఫై ఆన్ కావడం లేదు. చిప్ పోయిందన్నారట. చిప్‌కి ఏమీ కాలేదు. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) పాతది, దానికి జతపడాల్సిన వెండర్ మాడ్యూల్స్ (వైఫై, టచ్ లాంటివాటిని నడిపే డ్రైవర్లు) కొత్త బిల్డ్‌వి. రెండూ పొసగక వైఫై డ్రైవర్ ఎక్కలేదు. ఒక్కో ఫోన్‌లో ఇదే తప్పుకి టచ్ పోతుంది, ఒక్కోదాంట్లో సౌండ్ పోతుంది. చివరికి కొత్త బిల్డ్ బూట్ ఇమేజ్‌నే ప్యాచ్ చేసి పెట్టి, రూట్‌తో తిరిగి ఇచ్చారు.

మొదటి నిర్ణయం: వెనక్కా, ముందుకా

యజమాని అడిగింది పాత వెర్షన్‌కి తీసుకెళ్లమని. 'రెండో స్లాట్‌లో పాతది ఉంటుంది కదా, యాక్టివ్ స్లాట్ మార్చేస్తే చాలు' అనే సలహా తరచూ వినిపిస్తుంది. పాత ఏ/బీ ఫోన్లలో అది నిజమే, సిస్టమ్ రెండు కాపీలు విడివిడిగా ఉండేవి. వర్చువల్ ఏ/బీలో అలా కాదు. కొత్త సిస్టమ్‌ని ముందు స్నాప్‌షాట్‌గా దాస్తుంది. కొత్తది సవ్యంగా లేచాక ఆ స్నాప్‌షాట్‌ని అసలు పార్టిషన్‌లో (స్టోరేజీలో సిస్టమ్ ఉండే భాగంలో) కలిపేస్తుంది. ఆ కలపడం అయిపోయాక పాత సిస్టమ్ అనేది ఎక్కడా మిగలదు. 23 రోజుల తర్వాత స్లాట్ మారిస్తే ఖాళీ గుమ్మంలోకి అడుగు పెట్టినట్టే, ఫోన్ లేవదు. పూర్తి పాత ఫర్మ్‌వేర్ (ఫోన్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మొత్తం) ఎక్కించే దారి ఉంది గానీ, కొత్త వెర్షన్ తిరగరాసిన డేటాను పాతది చదవలేక తుడిచేయాల్సి వస్తుంది. వెనక్కి వెళ్లనివ్వని రోల్‌బ్యాక్ లెక్క బూట్‌లోడర్‌లో పెరిగి ఉంటే ఫోన్ శాశ్వతంగా పోయే ప్రమాదమూ ఉంది.

ఇంత చేసి పాతదాంట్లో దక్కేది ఏమిటని అడిగితే యజమాని దగ్గర జవాబు లేదు. ఆయనకు కావాల్సింది రూట్, అంతేగానీ ఫలానా వెర్షన్ కాదు. కాబట్టి ఉన్న బిల్డ్‌లోనే ఉండి మళ్లీ రూట్ చెయ్యాలని తేల్చాం.

అంతకంటే ముందు ఉబ్బిన బ్యాటరీ తీసి కొత్తది వేశాం. ఉబ్బినదాన్ని లోహపు పనిముట్టుతో పెకలించకూడదు. జిగురు కింద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వదిలి, పలచటి ప్లాస్టిక్ కార్డుతో లేపి, ఇసుక డబ్బాలో వేశాం. ఫ్లాషింగ్ (ఫోన్‌లో సిస్టమ్ ఫైళ్లు రాయడం) మధ్యలో బ్యాటరీ చేతులెత్తేస్తే జరిగే నష్టం ఎక్కువ, అందుకే ఈ వరస.

తర్వాత ఇప్పుడున్న బిల్డ్ నంబర్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోయే పూర్తి ఫర్మ్‌వేర్ సంపాదించి, అందులోని బూట్ ఇమేజ్‌ని మ్యాజిస్క్ యాప్‌తో ప్యాచ్ చేశాం. ఆండ్రాయిడ్ 13తో విడుదలైన ఫోన్లలో అయితే ప్యాచ్ చెయ్యాల్సింది ఇనిట్_బూట్ అనే వేరే ఇమేజ్, ఇందులో బూటే. నేరుగా ఫ్లాష్ చెయ్యకుండా ముందు కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్ బూట్ కమాండ్‌తో ఒకసారి తాత్కాలికంగా లేపి చూశాం. అన్ని ఫోన్లూ దీన్ని ఒప్పుకోవు, ఇది ఒప్పుకుంది. వైఫై, సిమ్, కాల్ సరిగా ఉన్నాయని చూశాకే ఫ్లాష్ చేశాం.

రూట్ వచ్చాక డేటా పార్టిషన్‌లోని అప్‌డేట్ ఇంజిన్ (అప్‌డేట్‌ని ఫోన్‌లో రాసే సర్వీస్) లాగ్‌లు తెరిచాం. అప్‌డేట్ దిగిన రోజు అప్‌టైమ్ లెక్కతో సరిపోయింది. సిస్టమ్ లాగ్‌లో చూస్తే, అడుగుతున్నది తయారీదారు క్లయింట్. ఛానెల్ (ఎవరి అప్‌డేట్‌లు కావాలో చెప్పే గుర్తు) పేరు మాత్రం ఇంకా ఆ అమెరికా క్యారియర్‌దే. కొన్ని క్యారియర్ల ఫోన్లు తమ సిమ్ లోపల లేకపోతే అప్‌డేట్ అడగవు. ఇది అలాంటిది కాదు. ఇక్కడి సిమ్ ఉన్నా, ఏ వైఫై దొరికినా అడుగుతోంది.

ఆపడానికి చేసినవి, తప్పినవి

ముందు ఫైర్‌వాల్‌తో మొదలుపెట్టాం, ఏదీ మార్చకుండా తిరిగి తీసేయగలిగే పద్ధతి అని. రెండు రోజుల్లో నోటిఫికేషన్ మళ్లీ వచ్చింది. ఫైర్‌వాల్ యాప్‌ని కాదు, దాని యూఐడీని (సిస్టమ్ ఇచ్చిన గుర్తింపు నంబర్‌ని) ఆపుతుంది. ఈ క్లయింట్ 1000 నంబర్ సిస్టమ్ యూఐడీని మిగతా సిస్టమ్ యాప్‌లతో పంచుకుంటోంది. ఆ నంబర్‌ని పూర్తిగా మూస్తే ఇంకా చాలా మూతపడతాయి. కొంత సడలిస్తే క్లయింట్ ఆ సందులోంచే వెళ్లిపోయింది. ఫైల్ దించే పనిని డౌన్‌లోడ్ మేనేజర్‌కి అప్పగిస్తే దాని యూఐడీ మళ్లీ వేరు.

హోస్ట్స్ ఫైల్‌తో (ఏ సర్వర్ పేరు ఎక్కడికి పోవాలో చెప్పే ఫైల్) సర్వర్ పేర్లు ఆపడం గురించి ఆలోచించి వదిలేశాం. గూగుల్ దారిలో వచ్చే ఓటీఏలు ఆండ్రాయిడ్.గూగుల్‌ఏపీఐస్.కామ్ నుంచి వస్తాయి. ఆ పేరు మూస్తే ఇంకేమేం తెగుతాయో షెడ్డులో ఉన్న ఫోన్ మీద ప్రయోగం చేసి తెలుసుకోలేం.

సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి అప్‌డేటర్ ఏపీకే (యాప్ ఫైల్) పేరు చివర 'బ్యాక్' అని తగిలించడం పాతకాలపు చిట్కా. కిట్‌క్యాట్ రోజుల్లో బ్రహ్మాండంగా పనిచేసేది. ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చిన డైనమిక్ పార్టిషన్లలో సిస్టమ్‌ని రాసేలా మౌంట్ చేయడమే (తెరవడమే) కుదరదు, 'రీడ్-ఓన్లీ' అని తిరగ్గొడుతుంది.

బూట్‌లో ఒక స్క్రిప్ట్ పెట్టి అప్‌డేట్ ఇంజిన్ సర్వీస్‌నే ఆపేద్దామనే ఆలోచన అందరికీ నచ్చుతుంది. మేం వద్దనుకున్నాం. పైన చెప్పిన స్నాప్‌షాట్ కలిపే పనిని చూసుకునేది కూడా ఆ ఇంజినే. రేపు చేత్తో అప్‌డేట్ చేశాక ఈ స్క్రిప్ట్ ఉన్న సంగతి మరిచిపోతే కలపడం మధ్యలో ఆగిపోతుంది.

పనిచేసిన అమరిక

అప్‌డేట్ నాలుగు అడుగుల్లో నడుస్తుంది: అడగడం, దించడం, రాయడం, రీస్టార్ట్. ఒక్క అడుగునే నమ్ముకోకుండా మూడింటి దగ్గర అడ్డం పెట్టాం.

అడగడం దగ్గర: ఏడీబీ షెల్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు ఇచ్చే చోట) యాప్‌ల జాబితా చూపే పీఎం లిస్ట్ ప్యాకేజెస్ కొట్టి ఓటీఏ, ఎఫ్‌ఓటీఏ, అప్‌డేట్, డీఎం అనే ముక్కలతో వెతికాం. పేరు కంపెనీకో రకం. మోటరోలాలో కామ్.మోటరోలా.సీసీసీ.ఓటీఏ, శాంసంగ్‌లో కామ్.డబ్ల్యూఎస్‌సింక్‌ఎంఎల్‌డీఎం, దానికి తోడు కామ్.సెక్.ఆండ్రాయిడ్.సోఏజెంట్. దొరికినదాన్ని పీఎం డిజేబుల్-యూజర్ --యూజర్ 0 కమాండ్‌తో ఆపాం. అన్‌ఇన్‌స్టాల్ చేయలేదు, ఎందుకంటే రేపు కావాలంటే పీఎం ఎనేబుల్ అని ఒక్క మాటతో తిరిగొస్తుంది. క్యారియర్ యాప్‌లు దింపే ప్రోగ్రామ్‌నీ ఇలాగే ఆపాం. నాలుగు రోజులకు మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది, ఈసారి గూగుల్ ప్లే సర్వీసెస్ పేరుతో. అంటే ఈ ఎడిషన్‌లో అడిగేవాళ్లు ఇద్దరు. ప్లే సర్వీసెస్ మొత్తాన్ని ఆపితే ఫోన్ సగం చచ్చినట్టే, అందుకని రూట్‌తో అందులోని సిస్టమ్ అప్‌డేట్ సర్వీస్ అనే భాగాన్ని మాత్రం డిజేబుల్ చేశాం. ఇది కలకాలం ఉండేది కాదని తెలిసే చేశాం. ప్లే సర్వీసెస్ తనను తాను మార్చుకున్నప్పుడు ఆ భాగాల పేర్లూ మారొచ్చు.

రాయడం దగ్గర: ఇది అసలు తాళం. ఏ ఓటీఏ ప్యాకేజీ అయినా తయారీదారు సంతకంతో వస్తుంది. ఆ సంతకాన్ని సరిచూడటానికి ఫోన్ వాడే సర్టిఫికెట్లు సిస్టమ్ కింద ఈటీసీ/సెక్యూరిటీ/ఓటీఏసర్ట్స్.జిప్ అనే ఫైల్లో ఉంటాయి. చిన్న మ్యాజిస్క్ మాడ్యూల్‌తో దాని స్థానంలో ఖాళీ జిప్ కనిపించేలా చేశాం. అసలు ఫైల్ ముట్టుకోలేదు, మాడ్యూల్ తీసేస్తే అది యథాతథం. అడిగేది ఎవరైనా చివరికి రాయాల్సింది అప్‌డేట్ ఇంజినే, దానికి నమ్మదగ్గ సంతకం ఒక్కటీ దొరకదు.

ఖాళీ జిప్ అంటే సున్నా బైట్ల ఫైల్ కాదు. లోపల ఏమీ లేకపోయినా సరైన జిప్‌గా తెరుచుకోవాలి, ఆ ముగింపు రికార్డు ఒక్కటే 22 బైట్లు ఉంటుంది. ఇక ఈ పొర లోటు ఏమిటంటే, ఇది అడగడాన్నీ దించడాన్నీ ఆపదు. మొత్తం ఫైల్ దించుకున్నాకే సరిచూసే క్లయింట్ అయితే ప్రతి ప్రయత్నానికీ పెద్ద ఫైల్ దిగుతుంది, డేటా ప్యాక్ హారతి కర్పూరం. అందుకే పై పొర కూడా ఉండాలి. మ్యాజిస్క్ సేఫ్ మోడ్‌లో లేస్తే మాడ్యూల్స్ ఏవీ ఉండవు, అప్పుడు ఈ తాళమూ ఉండదు.

పెట్టి ఊరుకోలేదు. ఆపిన క్లయింట్‌ని కావాలనే తిరిగి ఎనేబుల్ చేసి, బెంచ్ మీద వైఫై ఇచ్చి, 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కాం. అది కొత్త అప్‌డేట్ చూపించింది, మొదలుపెట్టింది, సంతకం కుదరలేదని ఆగిపోయింది. లాగ్‌లోనూ అదే ఉంది. స్లాట్ మారలేదు. మళ్లీ డిజేబుల్ చేసి మూడుసార్లు రీస్టార్ట్ చేసి చూశాం. నోటిఫికేషన్ రాకపోవడాన్ని రుజువు అనుకోవడానికి లేదు, సర్వర్ ఆ వారం ఏమీ పంపకపోయి ఉండొచ్చు.

రీస్టార్ట్ దగ్గర: చెరువు యజమానికి అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇదే, ఇందులో అప్‌డేట్ ప్రసక్తే లేదు. స్క్రీన్ లాక్ తీసేశాం. పిన్ లేకపోతే రీస్టార్ట్ అయ్యాక డేటా దానంతటదే తెరుచుకుంటుంది, అలారం యాప్ లేస్తుంది. దొంగ ఎత్తుకుపోతే? ఆ మాట ముందే మాట్లాడుకున్నాం. ఫోన్‌లో యజమాని గూగుల్ ఖాతా తీసేసి, ఏమీ లేని కొత్త ఖాతా పెట్టాం. యూపీఐ యాప్‌లు, ఫొటోలు, కాంటాక్ట్‌లు లేవు. ఉన్నవి మూడు నంబర్లు. పోతే ఫోన్ పోతుంది అంతే. రోజూ జేబులో తిరిగే ఫోన్‌కి ఈ పని చెయ్యకూడదు.

దీనికి రోజుకి రెండు ఎస్సెమ్మెస్‌లు జోడించాం, ఉదయం 6కి, రాత్రి 9కి. అందులో బ్యాటరీ శాతం, బిల్డ్ నంబర్ చివరి అంకెలు, రూట్ పలికిందో లేదో. 23 రోజులు ఎవరికీ తెలియకపోవడానికి కారణం, అలారం మోగకపోవడం, అలారం చచ్చిపోవడం బయటికి ఒకేలా ఉండటం. ఇప్పుడు రాత్రి 9 దాటి మెసేజ్ రాకపోతే ఎవరో ఒకరు షెడ్డుకి వెళ్తారు.

తర్వాత ఏం జరిగింది

మూడో నెలలో నోటిఫికేషన్ మళ్లీ కనిపించిందని కబురు వచ్చింది. ఊహించిందే. ప్లే సర్వీసెస్ మారి, అదే పని చేసే భాగం వేరే పేరుతో వచ్చింది. అది ప్యాకేజీ దించబోయి సంతకం దగ్గర ఆగిపోయింది. ఉదయం మెసేజ్‌లో బిల్డ్ అంకెలు మారలేదు, రూట్ పలికింది. కొత్త భాగాన్ని కూడా ఆపాం.

భద్రతా ప్యాచ్‌లు ఆపినట్టే కదా అని యజమాని అడిగారు, న్యాయమైన ప్రశ్న. అవును, ఆపాం, కాబట్టి ఆ బరువు మన మీద పడింది. ఈ ఫోన్‌లో బ్రౌజర్ డిజేబుల్ చేసి ఉంది, ఈ పనికి కావాల్సినవి తప్ప బయటి యాప్‌లు లేవు, హాట్‌స్పాట్ ఆపేశాం. పంట పూర్తయి చెరువు ఎండగట్టినప్పుడల్లా ఫోన్ బెంచ్‌కి వస్తుంది. బ్యాటరీ మందం చూస్తాం, కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే డేటా తుడవకుండా కంప్యూటర్ నుంచి ఎక్కించి, ఆ బిల్డ్ బూట్ ఇమేజ్ ప్యాచ్ చేసి పెడతాం. ఓటీఏ ద్వారానే చేసుకోవాలంటే మ్యాజిస్క్‌లో ముందు ఇమేజ్‌లు రీస్టోర్ చేసి, అప్‌డేట్ రాసుకున్నాక రీస్టార్ట్ కాకముందే 'ఇన్‌స్టాల్ టు ఇనాక్టివ్ స్లాట్' నొక్కే పద్ధతి ఉంది. ఇక్కడ దానికోసం తాళాలన్నీ విప్పాలి, ఎటూ బ్యాటరీ కోసం ఫోన్ వస్తోంది కాబట్టి కంప్యూటర్ దారే తేలిక.

డబ్బా మూత లోపల ఒక కాగితం అతికించి ఉంది. దాని మీద బిల్డ్ నంబర్, మా నంబర్, కింద పెద్ద అక్షరాలతో: 'ఏదైనా నొక్కమని అడిగితే నొక్కకండి. ఫొటో తీసి పంపండి.' మూడో నెల కబురు అలా ఫొటోగానే వచ్చింది, కాపలా మనిషి దగ్గర్నుంచి.